ఏ రేసు ఆడాలి, ఏది వదలాలి? గుర్రాన్ని ఎంచుకునే ముందు చూసుకోవాల్సిన పోలికలు

మా బావ చిత్తూరు దగ్గర మామిడి తోటల వ్యాపారం చేస్తాడు. తోతాపురి తోటని పూత మీద కొనమంటే కొనడు. పిందె నిలిచి, ఒక గాలివాన దాటాక, చెట్టు చెట్టూ తిరిగి చూసుకుని అప్పుడు బేరానికి కూర్చుంటాడు. అదే మనిషి మొదటిసారి నాతో బెంగళూరు రేసులకి వచ్చిన రోజు, లోపలికి అడుగు పెట్టీ పెట్టగానే మొదటి రేసుకే టికెట్ కొనేశాడు. ఎనిమిది గుర్రాల్లో ఐదు అంతకుముందు ఒక్కసారి కూడా రేసులో పరిగెత్తనివి. "పూత చూసి తోట కొనవు గదా బావా, ఈ గుర్రాన్ని ఏం చూసి కొంటివి?" అని అడిగితే, "రంగు బాగుండాది" అన్నాడు.

నాకు తెలిసినవాళ్లలో చాలామంది డబ్బు పోగొట్టుకునేది గుర్రాన్ని తప్పు ఎంచుకుని కాదు. ఆడకూడని రేసులో బాగానే ఆలోచించి ఒక గుర్రాన్ని ఎంచుకోవడం వల్ల. అందుకే ఈ పోలిక గుర్రాలతో మొదలుకాదు, రేసులతో మొదలవుతుంది.

ముందు ఒక మాట. ఆంధ్రప్రదేశ్‌లో రేస్‌కోర్సు లేదు. తిరుపతి, చిత్తూరు వాళ్లకి అందుబాటులో ఉన్నవి బెంగళూరు, చెన్నై గిండీ, కాస్త దూరమైతే మైసూరు, హైదరాబాద్ మలక్‌పేట. గిండీ స్థలం లీజును తమిళనాడు ప్రభుత్వం రద్దు చేసి 2024 సెప్టెంబర్‌లో స్వాధీనం చేసుకుంది కాబట్టి అక్కడికి బయల్దేరే ముందు ఆ రోజు రేసులు ఉన్నాయో లేదో కనుక్కోండి. గుర్రప్పందేల్లో నైపుణ్యానిదే పెద్ద పాత్ర అని 1996లో సుప్రీంకోర్టు చెప్పింది. అది చూపించి ఫోన్‌లో యాప్ పెట్టి "ఇది కూడా లీగలే అన్నా" అని గ్రూపుల్లో తిప్పేవాళ్ల మాట నమ్మొద్దు. మన రాష్ట్రంలో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను 2020లోనే చట్ట సవరణతో నిషేధించారు. నేను చెప్పేదంతా రేస్‌కోర్సుకి వెళ్లి, చేతిలో రేస్ బుక్ (ఆ రోజు రేసులు, గుర్రాల పాత పరుగులు ఉండే పుస్తకం) పట్టుకుని చూసేవాళ్ల కోసం.

రేసును దేనితో కొలవాలి

నేను నాలుగు చూస్తాను. నాలుగూ ఒకే బరువున్నవి కావు.

మొదటిది సమాచారం. రేసులో ఉన్న గుర్రాల్లో ఎన్నింటికి కనీసం నాలుగైదు పాత పరుగుల రికార్డు ఉంది? సగానికి సగం కొత్తవైతే మిగతా సగాన్ని ఎంత బాగా చదివినా లాభం లేదు. రెండోది, నిజంగా గెలిచే అవకాశం ఉన్నవి ఎన్ని మిగిలాయన్నది. తీసేయాల్సినవి తీసేశాక రెండు నుంచి నాలుగు మిగిలితే అది ఆడదగ్గ రేసు. ఏడు మిగిలాయంటే మీకు ఆ రేసు అర్థం కాలేదని లెక్క. ఒక్కటే మిగిలితే జనానికీ అదే కనబడుతుంది, ధర ఉండదు, గెలిచినా వచ్చేది తక్కువ. మూడోది దూరం. 1,000, 1,100 మీటర్ల రేసుల్లో గేటు దగ్గర అర సెకను ఆలస్యమైతే కథ అక్కడితో సరి. 1,400, 1,600లో గుర్రానికి తప్పు దిద్దుకునే సమయం ఉంటుంది.

నాలుగోది ధర, అంటే 100 పందేనికి గెలిస్తే ఆ 100తో పాటు ఇంకెంత ఇస్తామని బోర్డు మీద రాస్తారన్నది. దీని దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే మిగతా మూడూ సరిపోయినా దీనితోనే రేసు చెడిపోతుంది.

2025 సెప్టెంబర్ 22 నుంచి గుర్రప్పందేల మీద జీఎస్టీ 40 శాతం. అది మీరు గెలిచిన డబ్బు మీద కాదు, పెట్టిన పందెం మీద. 100 రూపాయల టికెట్‌కి పన్ను కలిపి 140 మీ జేబులోంచి వెళ్తుందనుకుంటే లెక్క ఇలా ఉంటుంది:

| బోర్డు మీద ధర | గెలిస్తే చేతికొచ్చేది | 140 పోను మిగిలేది | నష్టం లేకుండా ఉండాలంటే 100 సార్లలో ఎన్నిసార్లు గెలవాలి |
|---|---|---|---|
| 100కి 40 | 140 | 0 | 100 |
| 100కి 100 | 200 | 60 | 70 |
| 100కి 200 | 300 | 160 | 47 |
| 100కి 300 | 400 | 260 | 35 |
| 100కి 500 | 600 | 460 | 23 |

మొదటి వరుస మళ్లీ చూడండి. 100కి 40 ధర ఉన్న హాట్ ఫేవరెట్ (జనం అందరికంటే ఎక్కువ పందెం కాసిన గుర్రం) గెలిచినా మీకు మిగిలేది సున్నా. ప్రపంచంలో చాలా చోట్ల ఫేవరెట్లు గెలిచేది సుమారు మూడు రేసుల్లో ఒకటి. అలాంటప్పుడు "గ్యారంటీ గుర్రం, తక్కువొచ్చినా పర్లేదు" అనే మాటకి ఇక అర్థం లేదు. ఒకే గెలుపులో లాభం 10,000 రూపాయలు దాటితే దాంట్లోంచి 30 శాతం టీడీఎస్ కూడా కోస్తారు. ఈ లెక్క చూశాక కూడా రేసుల మీద బతకాలనుకునేవాళ్లకి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. సినిమాకి, హోటల్‌కి పెట్టినట్టు ఒక ఖర్చు అనుకుని, ఆ ఖర్చులో బుర్రకి కాస్త పని దొరకాలనుకునేవాళ్ల కోసమే మిగతాది.

రేసుల రకాలు

మన దగ్గర ఎక్కువ రేసులు హ్యాండీక్యాప్‌లే. ప్రతి గుర్రానికీ క్లబ్బులోని హ్యాండీక్యాపర్ ఒక రేటింగ్ ఇస్తాడు. ఒక పాయింటు తేడాకి వీపు మీద మోసే బరువులో అర కిలో తేడా. 20–45, 40–65, 60–85 లాంటి బ్యాండ్లలో రేసులు పెడతారు. 40–65 రేసులో 65 రేటింగ్ గుర్రం 62.5 కిలోలు మోస్తే, 40 రేటింగ్ గుర్రం 50 కిలోలే మోస్తుంది. అందరినీ ఒకే గీత మీదికి తీసుకురావాలన్నది ఉద్దేశం. ఆ గీత ఎక్కడ వంకరగా ఉందో కనిపెట్టడమే మన పని.

| రేసు రకం | సమాచారం | మిగిలే పోటీదారులు | ధర | నా మాట |
|---|---|---|---|---|
| మెయిడెన్ (ఇంతవరకు గెలవనివి) | తక్కువ | చెప్పలేం | ఫేవరెట్‌కి బాగా తక్కువ | చూడండి, ఆడొద్దు |
| అట్టడుగు తరగతి హ్యాండీక్యాప్ | ఎక్కువే, నమ్మలేం | చాలా | బాగుంటుంది | ఎప్పుడో ఒకసారి |
| 20–45, 40–65 హ్యాండీక్యాప్ | ఎక్కువ | 3 నుంచి 5 | బాగుంటుంది | మొదట ఇక్కడే వెతకండి |
| 60–85, ఆపైన | చాలా ఎక్కువ | 2 నుంచి 4 | ఒక మాదిరి | గుర్రాలు 8 దాటితే |
| టర్మ్స్, డెర్బీలు (పెద్ద కప్పు రేసులు) | ఎక్కువ | 1 నుంచి 3 | తక్కువ | కళ్లకి పండుగ, జేబుకి కాదు |

మెయిడెన్ రేసు అంటే మా బావ భాషలో పూత. గుర్రం పుట్టుక, ట్రైనర్ పేరు, పొద్దున ట్రాక్‌వర్క్‌లో, అంటే సాధనలో, 600 మీటర్లు ఎన్ని సెకన్లలో వచ్చింది, మాక్ రేసులో (పందేలు లేని సాధన రేసులో) ఎలా పరిగెత్తింది, అంతే. ఆ నాలుగు ముక్కలూ మనకంటే లాయంలో వాళ్లకి బాగా తెలుసు. ధర సగానికి సగం పడిపోయాక గాని మనకి విషయం తెలియదు. ఈ రేసుల్లో నాకు నచ్చే పని ఒకటే: నాలుగో స్థానంలో వచ్చి చివరి 200 మీటర్లలో బలంగా దూసుకొచ్చిన గుర్రం పేరు రాసుకోవడం. రెండు మూడు నెలల తర్వాత పనికొస్తుంది.

అట్టడుగు తరగతిలో ఐదేళ్లు, ఆరేళ్లు నిండిన గుర్రాలు పది, పన్నెండు ఉంటాయి. రికార్డు బోలెడంత. కానీ ఆ రికార్డంతా ఒకరోజు మూడో స్థానం, మరోరోజు పదకొండో స్థానం. గుర్రమే నిలకడ లేనిదైనప్పుడు చదువుకి విలువ లేదు. పెద్ద పెద్ద డివిడెండ్లు (గెలిచిన టికెట్‌కి ఇచ్చే డబ్బు) వచ్చేవి ఇక్కడే కాబట్టి జనం ఎగబడేదీ ఇక్కడే.

నడిమి బ్యాండ్ల గురించి ఇంకాస్త చెప్పాలి. బ్యాండ్లు ఒకదాని మీద ఒకటి కొంచెం ఎక్కి ఉంటాయి. 43 రేటింగ్ ఉన్న గుర్రాన్ని ట్రైనర్ 20–45 రేసులో వేస్తే దాదాపు అందరికంటే ఎక్కువ బరువు మోయాలి, కానీ పోటీ తేలిక. 40–65లో వేస్తే వీపు మీద బరువు తక్కువ, పక్కన పరిగెత్తేవి మాత్రం గట్టివి. పోయిన నెల పై తరగతిలో ఐదో స్థానంలో వచ్చిన గుర్రం ఈ వారం కింది తరగతిలో టాప్ వెయిట్‌తో కనబడితే చాలామంది "అబ్బో, 60 కిలోలు" అని పక్కన పెట్టేస్తారు. ఆ బరువు దాని యోగ్యతా పత్రం అని నా అభిప్రాయం. రేసు 1,600 దాటి, నేల వానకి మెత్తబడి ఉంటే తప్ప, టాప్ వెయిట్‌కి భయపడి గుర్రాన్ని కొట్టేయొద్దు.

పై తరగతిలో గుర్రాలు నిలకడైనవి, అంచనా దగ్గరగా వస్తుంది. చిక్కు ఏమిటంటే ఒక్కోసారి ఆరు గుర్రాలే ఉంటాయి, ధరలన్నీ అణిగిపోతాయి. ఇక టర్మ్స్ రేసుల్లో బరువులు రేటింగ్‌ని బట్టి ఉండవు. వయసు, ఆడా మగా, పాత గెలుపులను బట్టి ముందే రాసిపెట్టి ఉంటాయి. కాబట్టి అన్నిటికంటే మంచి గుర్రానికి అడ్డమే ఉండదు, అందరికీ అది తెలుసు. డెర్బీ రోజున నేను టికెట్ కొనను. కంచె దగ్గర చోటు దొరికితే చాలు.

పోటీదారుల్ని మిగుల్చుకోవడం

రేసు ఎంచుకున్నాక గెలిచే గుర్రాన్ని వెతకడం మొదలుపెట్టొద్దు, గెలవలేనివాటిని తీసేయడం మొదలుపెట్టండి. ఏ కొలతతో తీసేయాలన్న దగ్గర మూడు దారులున్నాయి.

ఫారం (పాత పరుగుల తీరు), బరువు దారి పాతది, నేను నడిచేది. సుమారు లెక్కగా 1,600 మీటర్లలో ఒక కిలో బరువు ఒక లెంగ్త్‌కి, అంటే ఒక గుర్రం పొడవంత దూరానికి, సమానం అనుకోవచ్చు. దూరం తగ్గేకొద్దీ లెంగ్త్‌కి కాస్త ఎక్కువ బరువు పడుతుంది. ఊహకి ఒక రేసు తీసుకుందాం. పోయినసారి 1,600లో ఒకటో నంబరు గుర్రం గెలిచింది, నాలుగో నంబరు మూడున్నర లెంగ్త్‌లు వెనక మూడో స్థానంలో వచ్చింది. గెలిచినందుకు ఒకటో నంబరు రేటింగ్ 8 పాయింట్లు పెంచారు, అంటే 4 కిలోలు. నాలుగో నంబరుది మారలేదు. ఈ వారం అదే దూరంలో మళ్లీ రెండూ ఎదురుపడితే కాగితం మీద నాలుగోది అర లెంగ్త్ ముందుండాలి. జనం మాత్రం పోయినసారి గెలిచినదాని వెంటే వెళ్తారు. ధర అక్కడ దొరుకుతుంది. అయితే ఒక్క జాగ్రత్త: పోయినసారి చివరి వంద మీటర్లు జాకీ పగ్గాలు బిగబట్టి తీరిగ్గా వచ్చాడా, కొరడా ఝుళిపిస్తూ వచ్చాడా? మొదటిదైతే మూడున్నర లెంగ్త్‌లన్నది అబద్ధపు అంకె. వీడియో చూడకుండా ఈ లెక్క వేయొద్దు.

టైమింగ్ దారి రెండోది. ఎన్ని సెకన్లలో ముగించిందన్నది చూడటానికి చాలా శుద్ధంగా కనబడుతుంది. మన టర్ఫ్ (గడ్డి) ట్రాకుల మీద నిన్నటి వాన, కంచె ఎన్ని మీటర్లు జరిపి పెట్టారన్నది, రేసులో మొదటి సగం ఎంత నెమ్మదిగా నడిచిందన్నది అన్నీ కలిసి ఆ అంకెని మార్చేస్తాయి. ఒకే రోజు, ఒకే దూరంలో జరిగిన రెండు రేసుల్ని పోల్చడానికి బాగా పనికొస్తుంది. కింది తరగతి రేసు పై తరగతి కంటే వేగంగా ముగిస్తే ఆ గుర్రాలన్నిటినీ గుర్తు పెట్టుకోండి. అంతకుమించి దాన్ని లాగొద్దు.

మూడోది లాయం సంకేతాలు. పెద్ద జాకీ ఎక్కడం, మొదటిసారి బ్లింకర్లు (పక్కచూపు ఆపే కంటి తొడుగులు) పెట్టడం, విశ్రాంతి తర్వాత గుర్రం పొద్దుటి పనిలో చురుగ్గా కనబడటం, ఒకే ట్రైనర్ రెండు గుర్రాలు వేసి తన సొంత జాకీని రెండోదాని మీద కూర్చోబెట్టడం. ఇవి విడిగా చాలవు. ఫారం దారిలో మూడు గుర్రాలు మిగిలినప్పుడు వాటిలో వరస తేల్చడానికి వాడుకోవచ్చు. టిప్ అన్నది ఈ దారికి చెడిపోయిన రూపం. ఒకసారి ఒక టిప్పుల గ్రూపులో నెల చందా కట్టి చేరాను. అదే రేసుకి నాకు ఐదో నంబరు, నా స్నేహితుడికి రెండో నంబరు పంపారు. ఏదో ఒకటి గెలిస్తే వాళ్లకి ఒక భక్తుడు మిగులుతాడన్నమాట.

ఏ దారిలో వెళ్లినా రేసు ఎలా నడుస్తుందో ఒక్క నిమిషం కళ్ల ముందు ఊహించుకోండి. మొదటి నుంచీ ముందుండి పరిగెత్తే గుర్రం ఒక్కటే ఉంటే దాన్ని ఎవరూ అలిసిపోనివ్వరు, అది అలాగే గెలిచేయొచ్చు. అలాంటివి మూడుంటే అవి ఒకదాన్నొకటి తినేస్తాయి, వెనక నుంచి వచ్చేదానికి దారి పడుతుంది. రేటింగ్ ఈ విషయం చెప్పదు.

మిగిలినవాటికి బోర్డు మీద ధరలు చూసి శాతాల్లోకి మార్చండి. 100కి 200 ధర అంటే 33 శాతం, 300 అంటే 25, 400 అంటే 20, 500 అంటే 17, 800 అంటే 11, 1,000 అంటే 9. ఏడు గుర్రాల రేసులో 33, 25, 20, 17, 11, 9, 9 కూడితే 124 వస్తుంది. 100కి పైనున్న 24 బుకీ తన లాభం కోసం కలుపుకున్నది, పన్ను ఇంకా వేరే. మీరు 35 శాతం అనుకున్న గుర్రానికి బోర్డు 20 శాతం అంటుంటే ఆలోచించవచ్చు. 25 అంటుంటే దాన్ని వదిలేయడమే నయం.

టికెట్ ఏ రకం

ఇక్కడ ఎక్కువ చెప్పను. గుర్రం మొదట వస్తేనే డబ్బొచ్చే విన్ టికెట్‌కి మీ చదువు నేరుగా అక్కరకొస్తుంది. మొదటి రెండు మూడు స్థానాల్లో వచ్చినా డబ్బొచ్చే ప్లేస్ టికెట్ ఓదార్పుకి బాగుంటుంది గాని, 40 శాతం పన్ను తర్వాత ఫేవరెట్ ప్లేస్ డివిడెండ్ మీద మిగిలేది ఏమీ ఉండదు. ఎస్‌హెచ్‌పీ (సెకండ్ హార్స్ పూల్) అంటే రెండో స్థానంలో వచ్చే గుర్రాన్ని పట్టుకోవడం. "బాగా వస్తుంది గాని గెలవదు" అనిపించే గుర్రాలకి అదే సరైన చోటు. ఫోర్‌కాస్ట్‌లో మొదటి రెండూ వరసలో రావాలి. మూడు గుర్రాల్ని అటూ ఇటూ కలిపితే 6 టికెట్లు. తనాలాలో మొదటి మూడూ వరసలో రావాలి. పది గుర్రాల రేసులో అలాంటి వరసలు 720 ఉంటాయి, నాలుగు గుర్రాల్ని కలిపి ఆడితే 24 టికెట్లు. జాక్‌పాట్‌కి వరసగా ఐదు రేసుల విజేతలు కావాలి. రేసుకి రెండేసి గుర్రాలైతే 32 టికెట్లు, మూడేసి అయితే 243. మనం వదిలేయాలనుకున్న మెయిడెన్ కూడా ఆ ఐదింట్లో ఉండొచ్చని మర్చిపోకండి. ఒక్క రేసు కోసం ఇష్టం లేని నాలుగు రేసుల్ని కొనుక్కోవడం లాంటిది.

ఎవరికి ఏది

ఏడాదికి ఒకటి రెండుసార్లు, పెళ్లికో పనికో బెంగళూరు వెళ్లి అటు తొంగిచూసేవాళ్లు చదువు జోలికి వెళ్లొద్దు. 500 రూపాయలు పక్కన పెట్టుకుని, నడిమి బ్యాండ్‌లో ఒక రేసు ఎంచుకుని, మూడో నాలుగో ఫేవరెట్ మీద ఒక విన్ టికెట్ కొనండి. మిగతా సాయంత్రమంతా గుర్రాల్ని చూడండి. పాడాక్‌లో (రేసుకి ముందు గుర్రాల్ని నడిపించి చూపే చోట) అవి నడిచే తీరు చూడటానికే టికెట్ డబ్బులు సరిపోతాయి.

ప్రతి వారం ఫలితాలు చూసే అలవాటున్నవాళ్లకి నా సలహా వేరు. అన్ని సెంటర్లూ వెంట పెట్టుకోవద్దు. బెంగళూరు ఒక్కటే, అదీ 20–45, 40–65 బ్యాండ్లు, 1,200 నుంచి 1,600 వరకు. రెండు సీజన్లు నోట్‌బుక్ రాస్తే ఎనభై, తొంభై గుర్రాలు మొహం చూసి గుర్తుపట్టే స్థితికొస్తారు. అప్పుడు రేస్ బుక్ తెరవగానే ఏది ఆడదగ్గదో కళ్లకే తెలుస్తుంది. హైదరాబాద్ వర్షాకాలం సీజన్ బాగుంటుందనీ, మైసూరు తేలికనీ ఎవరెంత చెప్పినా అక్కడి గుర్రాలు, జాకీలు, మలుపులు మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి.

లెక్కలంటే ఇష్టం, డబ్బు పెట్టడం మాత్రం ఇష్టం లేనివాళ్లు కొందరుంటారు. నాకు వాళ్లంటే గౌరవం. రేసుకి ముందు కాగితం మీద శాతాలు రాసుకుని, తర్వాత ఫలితంతో సరిచూసుకుంటే చాలు. మీరు 30 శాతం అన్న గుర్రాలు నిజంగానే వందకి ముప్పై సార్లు గెలుస్తున్నాయా? నా నోట్‌బుక్‌లో మొదటి ఏడాది గెలవలేదు.

పోయిన వారం పోయింది ఈ వారం రాబట్టుకోవాలని వచ్చేవాళ్లకి మాత్రం ఏ బ్యాండూ, ఏ దూరమూ సరైనది కాదు. వాళ్ల కోసం పట్టికలో వరుస లేదు.

పోయిన శీతాకాలం మా బావ మళ్లీ వస్తానన్నాడు. రేస్ బుక్ ముందురోజే చేతికిచ్చాను. చిత్తూరులో బస్సెక్కినప్పుడు ఎనిమిది రేసులు, పలమనేరు దాటేసరికి ఐదు కొట్టేశాడు, ములబాగల్ వచ్చేసరికి ఒక్కటి మిగిలింది. 40–65, 1,400 మీటర్లు, మూడు గుర్రాలకి చుట్టూ గీత గీశాడు. అక్కడికి వెళ్లాక అందులో ఒకదాన్ని పోటీ నుంచి తప్పించారు, ఇంకోదాని ధర 100కి 80కి పడిపోయింది. మూడోది 500 ధరకి ఉన్నా పాడాక్‌లో చెమటలు కక్కుతూ నడిచింది. బావ కాసేపు చూసి, బుక్ మడిచి జేబులో పెట్టుకున్నాడు. "పిందె రాలిపోయింది లే" అన్నాడు. ఆ రోజు మేం టికెట్ కొనలేదు. తిరుగు దారిలో ములబాగల్‌లో దిగి దోసెలు తిని, పదిన్నర బస్సుకి చిత్తూరు చేరుకున్నాం.